బడి మీద విరుచుకుపడే ప్రసంగాన్ని విప్పి చూడటం ఎలా

మొన్న సిరిమాను పండగకి విజయనగరంలో మా మేనకోడలి ఇంటికి వెళ్ళాను. పండగ మర్నాడు మధ్యాహ్నం అన్నాలయ్యాక ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టి, "మావయ్యా, ఇదొకసారి విను" అంది. పదకొండు నిమిషాల ప్రసంగం. బడులు పిల్లల్ని ఎలా పాడుచేస్తున్నాయో ఒకాయన చెబుతున్నాడు. గొంతు బాగుంది, ఎక్కడ ఆగాలో ఎక్కడ పెంచాలో తెలిసిన మనిషి. అది విన్నప్పటి నుంచి ఈ పిల్లకి నిద్ర లేదు. ఎనిమిదో తరగతి చదివే కొడుకుని బడి మాన్పించాలా వద్దా అని టెన్షన్. "ముప్ఫై ఏళ్ళు సోషల్ పాఠాలు చెప్పావు కదా, ఇతను చెప్పేది నిజమేనా?" అని అడిగింది.

ఔననో కాదనో ఒక్క మాటలో చెప్పలేకపోయాను. ఆ ప్రసంగంలో ఒక బాధ ఉంది. అది నిజమైన బాధే. దానికి ఆయన చూపించిన కారణాలున్నాయి. వాటిలో చాలావరకు నిలబడవు. కానీ రెండూ ఒకే గొంతులో కలిసి వచ్చేసరికి, బాధ నిజం కాబట్టి కారణమూ నిజమే అయ్యుండాలి అనిపిస్తుంది. వినేవాళ్ళు జారిపడేది అక్కడే. ఆ మధ్యాహ్నం మేమిద్దరం కాగితాలు ముందేసుకుని ఈ రెండింటినీ విడదీశాం. ఎలా చేశామో వరసగా రాస్తున్నాను. మీ దగ్గరున్న ఏ ప్రసంగానికైనా, కరపత్రానికైనా ఇదే పద్ధతి పనికొస్తుంది.

ఆయన ప్రసంగాన్ని ఇక్కడ దించడం లేదు. ఇలాంటివి చాలా విన్నాను కాబట్టి వాటన్నిటి వాసనా వచ్చేలా నేనే ఒక నమూనా రాశాను. ముందు దీన్ని పైకి చదవండి, కళ్ళతో కాదు.

"అమ్మా, అయ్యా! గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి. మీ పిల్లాడు బడికి నవ్వుతూ వెళ్తున్నాడా? వెళ్ళడు. ఎందుకంటే అది బడి కాదు, ఫ్యాక్టరీ! గంట కొడితే కూర్చోవాలి, గంట కొడితే లేవాలి. మన పిల్లల్ని గుమాస్తాలుగా మార్చడానికి వందేళ్ళ కిందట తెల్లవాళ్ళు పెట్టిన యంత్రం అది. మన చదువుల్ని నాశనం చేస్తే తప్ప ఈ దేశాన్ని గెలవలేమని మెకాలే వాళ్ళ పార్లమెంటులోనే చెప్పాడు. చేపను చెట్టెక్కమంటే అది బతికినంతకాలం తాను దద్దమ్మననే అనుకుంటుందని ఐన్‌స్టీన్ అన్నాడు. మన పిల్లల్ని రోజూ చెట్టెక్కిస్తున్నారు. రామానుజన్ ఫెయిలయ్యాడు. బిల్ గేట్స్ చదువు మానేశాడు. మా తాతది మూడో తరగతి, పదిమందికి అన్నం పెట్టాడు. నాది ఎమ్మెస్సీ, నాకు వరి నాటడం రాదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దలు ఊరికే అన్నారా? నూటికి తొంభై మంది పిల్లలు పరీక్షల భయంతో నిద్రపోవడం లేదు. సృజనను చంపేస్తున్నారు. కుతూహలాన్ని పాతిపెడుతున్నారు. మీకు మార్కులు కావాలా, మనుషులు కావాలా?"

చప్పట్లు పడతాయి. నేనే రాసినా చదువుతుంటే నాకే ఊపొచ్చింది.

మొదటి మెట్టు: పెన్ను పట్టకుండా వినండి, ఆ తర్వాత ఒకే ఒక్క వాక్యం రాయండి

మొదటిసారి వినేటప్పుడు తప్పులు వెతక్కండి. ఎక్కడ ఒళ్ళు జలదరించింది, ఎక్కడ కోపం వచ్చింది, ఎక్కడ మీ చిన్నతనం గుర్తొచ్చింది, అంతే గమనించండి. ఆ చోట్లు తర్వాత పనికొస్తాయి.

విన్నాక, "ఈయన నన్ను ఏం నమ్మమంటున్నాడు? ఏం చెయ్యమంటున్నాడు?" అన్నదానికి ఒక వాక్యంలో జవాబు రాయండి. వినడానికి తేలికే గానీ మొత్తం పనిలో కష్టమైనది ఇదే. మా మేనకోడలు "బడి మంచిది కాదు" అని రాసింది. ఏ బడి తల్లీ, అన్నాను. మన ఉత్తరాంధ్ర జిల్లాల్లో బడి అంటే పల్లెలోని ప్రాథమిక పాఠశాల కావచ్చు, జిల్లా పరిషత్ హైస్కూలు కావచ్చు, టౌన్లో కాన్వెంటు కావచ్చు, తెల్లవారుజామున లేపి రాత్రి పదింటిదాకా చదివించే రెసిడెన్షియల్ కావచ్చు, ఏజెన్సీలో ఆశ్రమ పాఠశాల కావచ్చు. నమూనాను మళ్ళీ చూడండి. గంట అన్నిచోట్లా ఉంది. గుమాస్తాల మాట పాత దొరల కాలపు బడి గురించి. పరీక్షల భయంతో నిద్రపోకపోవడం ఎక్కువగా రెసిడెన్షియల్ చదువుల సంగతి. మూడు వేర్వేరు బళ్ళు ఒకే మాటలో దూరిపోయాయి. ఒకదాని తప్పుకి ఇంకోదానికి దెబ్బలు పడుతున్నాయి.

అందుకే ఆ వాక్యంలో "బడి" అన్నచోట ఏ బడో పేరు పెట్టి రాయండి. పెట్టలేకపోతే ప్రసంగీకుడు పెట్టలేదని పక్కన రాసుకోండి.

ఇక్కడ మన పాత న్యాయశాస్త్రం పనికొస్తుంది. ఏ వాదానికైనా ఐదు అంగాలుండాలని వాళ్ళు లెక్క పెట్టారు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. ఏం చెప్పదలచుకున్నావు, ఎందుకు, దేన్ని చూసి అంటున్నావు, అది ఇక్కడికి ఎలా వర్తిస్తుంది, కాబట్టి ఏం తేలింది. నమూనాలో ఉదాహరణలు బోలెడున్నాయి. ఉపనయం, అంటే "అది మన పిల్లాడికి ఇలా వర్తిస్తుంది" అనే మెట్టు, దాదాపు ఎక్కడా లేదు. రామానుజన్ నుంచి నేరుగా మీ ఇంట్లో పిల్లాడి మీదికి దూకేశారు.

రెండో మెట్టు: వాక్యాలకు నంబర్లు వేసి రకాలుగా విడదీయండి

ఇది అరగంట పని. మూడు రంగుల పెన్నులుంటే చాలు. తనిఖీ చేసి నిజమో కాదో తేల్చగల వాక్యానికి ఒక రంగు (మెకాలే పార్లమెంటులో చెప్పాడు). ఏది మంచి ఏది చెడు అని తూచే వాక్యానికి ఒక రంగు (మార్కుల కంటే మనుషులు ముఖ్యం). బొమ్మ కట్టి చూపే వాక్యానికి ఇంకో రంగు (ఫ్యాక్టరీ, చేప). ప్రశ్నలన్నిటినీ మామూలు వాక్యాలుగా మార్చి ఆ తర్వాత రంగు వేయండి. "ఊరికే అన్నారా?" అన్నది ప్రశ్న కాదు, "ఊరికే అనలేదు" అనే తీర్మానం. ప్రశ్న వేషంలో వచ్చింది కాబట్టి రుజువు అడగాలని మనకు తోచదు.

రంగులు వేశాక కాగితాన్ని దూరంగా పట్టుకుని చూడండి. మొదటి రంగు ఎంత తక్కువుందో కనిపిస్తుంది.

మూడో మెట్టు: పోలికను పట్టుకుని తెగేదాకా లాగండి

ఫ్యాక్టరీ పోలికతో మాకు ఒక అనుభవం ఎదురైంది. మా మేనకోడలి మామగారు నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. వీధరుగు మీద పడక్కుర్చీలో పడుకుని మా మాటలన్నీ వింటున్నారు. ఉండబట్టలేక లోపలికొచ్చి, "ఈ బాబుకి ఫ్యాక్టరీ అంటే ఏటో తెల్దు" అన్నారు. "మిల్లుకి నాసిరకం గోగునారొస్తే ఎనక్కి పంపీసీవోళ్ళం. బడి ఎవుల్ని ఎనక్కి పంపుతాది? ఎలాటి గుంటడొచ్చినా కూకోబెట్టుకుంటాది కదా."

పోలికను పరీక్షించే పద్ధతిని ఆయన ఒక్క మాటలో చెప్పేశారు. బొమ్మలోని ఒక్కో భాగాన్నీ తీసి అసలు వస్తువు మీద పెట్టి చూడాలి. ఫ్యాక్టరీలో ముడిసరుకు ఉంటుంది, వాచీ చూసే మేస్త్రీ ఉంటాడు, సైరనుంటుంది, బయటికొచ్చేది అంతా ఒకే కొలత, లాభం యజమానిది. బడిలో గంట సరిపోయింది. వయసునుబట్టి తరగతులు కట్టడం కొంత సరిపోయింది. ఒకే కొలత? అందరికీ ఒకే ప్రశ్నపత్రం ఉంది, నిజమే. కానీ ఆ బెంచీల మీంచి డాక్టరూ వచ్చాడు, దొంగా వచ్చాడు. ముడిసరుకు దగ్గర మాత్రం పోలిక తెగిపోయింది, పెద్దాయన చెప్పినట్టే.

కానీ ఇక్కడితో ఆగిపోతే మనమూ చప్పట్ల కోసం చేసినట్టే అవుతుంది. ఇంకాస్త లాగాను. ప్రవేశపరీక్ష పెట్టి వెనకబడ్డవాణ్ణి తీసుకోని బళ్ళు మన చుట్టూ లేవా? పదో తరగతిలో ఫెయిలయ్యేలా ఉన్నాడని టీసీ ఇచ్చేసిన చోట్లు లేవా? నాసిరకం నార వెనక్కి పోతున్నది అక్కడ. అంటే పోలిక మొత్తం తప్పు కాదు. ప్రభుత్వ బడికి సరిపోదు, కొన్ని ప్రైవేటు బళ్ళకు బాగానే అతుకుతుంది. మొదటి మెట్టులో "ఏ బడి" అని అడిగి ఉండకపోతే ఈ తేడా దొరికేది కాదు.

ఫ్యాక్టరీ మాట వెనక ఒక చరిత్ర కథ కూడా నడుస్తోంది. పిల్లల్ని కార్మికులుగా తయారుచేయడానికి ప్రష్యా దేశం (ఇప్పటి జర్మనీ వైపు ఉండేది) ఈ బడిని కనిపెట్టిందని చెబుతారు. ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ పిల్లలంతా బడికి రావాలని ఆజ్ఞ ఇచ్చింది 1763లో. అప్పటికి ఆ దేశంలో ఎక్కువ భాగం పొలాలూ పల్లెలే. లేని ఫ్యాక్టరీలకు కూలీలెందుకు? రాజుకు విధేయులైన ప్రజలూ, బైబిలు చదవగలిగే పిల్లలూ కావాలి. బడిలో విధేయత నేర్పారని విమర్శిస్తే దానికి ఆధారం దొరుకుతుంది. ఫ్యాక్టరీ అంటేనే చిక్కు.

చేప సంగతి త్వరగా తేల్చేద్దాం. చేపకు ఈత పుట్టుకతోనే వస్తుంది, పిల్లాడికి లెక్కలూ రావు, పాటా రాదు, రెండూ నేర్పాలి. "వీడు చేప, వీడికి చెట్టు వద్దు" అని ఆరో తరగతిలోనే తీర్మానించడం దయగా కనిపిస్తుంది గానీ నాకు భయమేస్తుంది.

నాలుగో మెట్టు: పేర్లు, తేదీలు, అంకెలు, ఎవరో అన్న మాటలు

ముందు నా తప్పు చెప్పుకోవాలి. ఒక గురుపూజోత్సవం నాడు నేనే మైకు పట్టుకుని ఆ మెకాలే మాట చదివాను. 1835 ఫిబ్రవరి 2న బ్రిటిష్ పార్లమెంటులో అన్నాడని తేదీతో సహా. మర్నాడు తొమ్మిదో తరగతి అమ్మాయి స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడి, "మాస్టారూ, మెకాలే 1834లోనే మన దేశం వచ్చీసాడని మీరే చెప్పారు కదండీ. మరి ఆ రోజు లండన్లో ఎలా మాట్లాడాడు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ తేదీకి మెకాలే కలకత్తాలో ఉన్నాడు, కంపెనీ ప్రభుత్వపు కౌన్సిల్లో సభ్యుడిగా. ఆ రోజున ఆయన రాసింది విద్య మీద ఒక నోటు, దాన్నే మెకాలే మినిట్ అంటారు. మన దేశమంతా తిరిగాను, బిచ్చగాడు గానీ దొంగ గానీ కనిపించలేదు, వీళ్ళ చదువునూ సంస్కృతినీ విరిచేయాలి అన్న ఆ ప్రసిద్ధమైన మాట ఆ నోటులో లేదు. ఆ రోజు పార్లమెంటు ప్రసంగమే లేదు. విచిత్రం ఏమిటంటే, అసలు నోటులో ఉన్నవే తక్కువేం కాదు. మంచి యూరోపియన్ గ్రంథాలయంలో ఒక్క బీరువా అరలో పట్టే పుస్తకాలు భారత, అరబ్బు సాహిత్యం మొత్తానికి సమానమని రాశాడు. రంగులో రక్తంలో భారతీయులుగా, అభిరుచిలో ఇంగ్లీషువాళ్ళుగా ఉండే ఒక వర్గాన్ని తయారుచేయాలనీ రాశాడు. నిజంగా ఉన్న ఈ మాటలు చాలు ఆయన మీద విమర్శకి. లేనిదాన్ని తెచ్చి పెట్టుకుని, ఉన్న బలాన్ని పోగొట్టుకుంటున్నాం. నమూనాలో "వందేళ్ళ కిందట" అని కూడా ఉంది. 1835 నుంచి లెక్కవేస్తే రెండు వందల ఏళ్ళకు దగ్గరపడుతోంది.

ఎవరి పేరుమీదైనా మాట కనిపిస్తే మూడు ప్రశ్నలు వేయండి. ఏ ఊళ్ళో అన్నాడు? ఏ పుస్తకంలో, ఏ ఉత్తరంలో ఉంది? ఆ మనిషి చనిపోయాక ఎన్నాళ్ళకు మొదటిసారి కనిపించింది? ఐన్‌స్టీన్ చేప మాట మూడింటి దగ్గరా ఆగిపోతుంది. ఆయన రాతల్లో అది దొరకదు. గొప్పవాడి పేరు తగిలిస్తే మాటకు బరువొస్తుంది, అందుకు తగిలిస్తారు. ఐన్‌స్టీన్ అనకపోయినంతమాత్రాన అందులోని ఆలోచన తప్పయిపోదు, ఆ సంగతి కూడా మరవొద్దు. దాన్ని మూడో మెట్టు మీదే తూచాం.

అంకెల్లో "నూటికి తొంభై" అన్నది అంకె కాదు, అరుపు. ఎవరు లెక్కించారు, ఎక్కడ, ఎప్పుడు అని అడిగితే కరిగిపోతుంది. అసలు చిక్కు నిజమైన అంకెలతోనే. ఇంగ్లీషువాళ్ళు రాకముందు మన దగ్గర బళ్ళు బోలెడుండేవనడానికి అప్పటి మద్రాసు గవర్నరు థామస్ మన్రో సర్వే చూపిస్తారు. ఆయన 1822లో మద్రాసు ప్రెసిడెన్సీ కలెక్టర్లందరినీ బళ్ళ లెక్క పంపమన్నాడు. 1826లో రాసిన నోటులో 12,498 బళ్ళు, 1,88,650 మంది పిల్లలు, మొత్తం జనాభా 1,28,50,941 అని ఉంది. అప్పటికి శ్రీకాకుళం గంజాం జిల్లాలో, విజయనగరం విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. పన్నెండు వేల బళ్ళంటే గర్వపడాల్సిన సంగతే. అయితే ఆ పిల్లల్లో ఆడపిల్లలు నాలుగున్నర వేలు. ప్రసంగంలో మొదటి అంకె వినిపిస్తుంది, రెండోది వినిపించదు. రెండూ ఒకే కాగితం మీద ఉన్నవే. అంకె దొరికినప్పుడల్లా దాని పక్క గడిలో ఏముందో చూడండి.

"మన బడి, వాళ్ళ బడి" అని గీత గీసినప్పుడు నాకు ఇంకోటి గుర్తొస్తుంది. ఆండ్రూ బెల్ అనే పాదిరీ 18వ శతాబ్దం చివర్లో మద్రాసులో అనాథ పిల్లల బడి నడిపాడు. మన వీధి బడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం, పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకు నేర్పడం చూసి, ఆ పద్ధతిని తన బడిలో పెట్టాడు. 1797లో దాని గురించి ఇంగ్లండులో పుస్తకం వేశాడు. అక్కడి పేదపిల్లల బళ్ళలో "మద్రాసు పద్ధతి" పేరుతో అది పాకింది. ఒక మేస్టారు వందలమందికి చెప్పే ఏర్పాటులో ఒక ముక్క మన అరుగు మీంచే ఓడెక్కిందన్నమాట. ఇలాంటివి ప్రసంగంలో ఇమడవు, అందుకే ఉండవు.

ఐదో మెట్టు: గెలిచినవాళ్ళ పక్కన రానివాళ్ళను నిలబెట్టండి

బిల్ గేట్స్ చదువు మానేశాడు. నిజం, 1975లో హార్వర్డ్ మానేశాడు. కానీ 1968లో, ఊళ్ళోవాళ్ళెవరికీ కంప్యూటరంటే తెలియని రోజుల్లో, ఆయన దాని మీద చెయ్యి పెట్టింది తన బడిలోనే. రామానుజన్ ఫెయిలయ్యాడు, నిజం. ఎక్కడ? కాలేజీలో, లెక్కలు కాని సబ్జెక్టుల్లో. కుంభకోణంలో ఆయన చదివిన హైస్కూలు గణితానికి బహుమతిచ్చి, 1904లో కాలేజీకి స్కాలర్‌షిప్‌తో పంపింది. రెండు ఉదాహరణలూ దగ్గరికెళ్ళి చూస్తే బడికి అనుకూలంగానే తిరుగుతున్నాయి. రామానుజన్ కథలో నిజంగా నిలదీయాల్సింది ఒక సబ్జెక్టులో అసాధారణుడైన పిల్లాణ్ణి మిగతా సబ్జెక్టుల మార్కుల కోసం తోసేసిన నిబంధనని. అది బడి మొత్తం మీద వేసే నింద కంటే చిన్నది, కానీ గట్టిది.

మానేసి కోటీశ్వరుడైనవాడు వేదికెక్కుతాడు. మానేసి హైదరాబాదులో సెంట్రింగ్ పనికి పోయినవాణ్ణి ఎవరూ మైకు దగ్గరికి పిలవరు. నా క్లాసులోంచి అలా వెళ్ళిన పిల్లల మొహాలు నాకు గుర్తున్నాయి.

తాత కథకి కూడా ఇదే. ప్రసంగాల్లో తాతలెప్పుడూ ఎందుకో గొప్పవాళ్ళే. అప్పులపత్రం మీద ఏముందో తెలియక వేలిముద్ర వేసి పొలం పోగొట్టుకున్న తాతలు మన జిల్లాల్లో తక్కువేం కాదు.

ఆరో మెట్టు: తెలుగు వ్యాకరణంలో దాక్కున్నవాళ్ళను పట్టుకోండి

"సృజనను చంపేస్తున్నారు." ఎవరు? తెలుగులో కర్తను చెప్పకుండానే వాక్యం హాయిగా నడిచిపోతుంది. "చంపేస్తున్నారు" అనగానే కనిపించని ఒక గుంపు మన కళ్ళముందు తయారవుతుంది. ప్రభుత్వమా, మేస్టారా, యాజమాన్యమా, ర్యాంకు కోసం పోరుపెట్టే తల్లిదండ్రులా? చెప్పకపోవడంలోనే నేర్పుంది. చెబితే సభలో ఎవరో ఒకరికి కోపం వస్తుంది. ప్రసంగంలో "-న్నారు" అని ముగిసే ప్రతి క్రియ కింద గీత గీసి, పైన కర్త పేరు రాయండి. రాయలేనిచోట ప్రశ్నార్థకం పెట్టండి. మా మేనకోడలి కాగితం మీద ఏడు గీతలకు ఐదు ప్రశ్నార్థకాలు తేలాయి.

తర్వాత "కదా", "కదండీ" తీసేసి వాక్యాన్ని మళ్ళీ చదవండి. "పిల్లలకు బడంటే భయం కదండీ" అన్నప్పుడు తల ఊపేస్తాం. "పిల్లలకు బడంటే భయం" అంటే, ఏ పిల్లలకి అని అడగాలనిపిస్తుంది. "మన", "మనం" దగ్గర కూడా జాగ్రత్త. "మన చదువులు" అన్నప్పుడు ఆ "మన"లో కొండమీది సవర గిరిజన పిల్లాడున్నాడా, ఆనాటి అగ్రహారం బడి మెట్టెక్కనివ్వని కులాలవాళ్ళున్నారా అని చూడాలి.

సామెత రుజువు కాదు. "చదవేస్తే ఉన్న మతి పోయింది" అన్న పెద్దలే "విద్య లేనివాడు వింత పశువు" అనీ అన్నారు. ఏ పక్షానికి కావాలంటే ఆ పక్షానికి సామెత దొరుకుతుంది. బతకలేక బడిపంతులు అన్నారు కూడా, ముప్ఫై ఏళ్ళు విన్నాను లెండి.

ఆఖరి ప్రశ్న: మార్కులా, మనుషులా? రెండే దారులు చూపించి ఒకటి ఎంచుకోమంటే మూడోది మీరు రాయండి. మార్కులు వచ్చిన మనిషి, మార్కులు రాని దుర్మార్గుడు, ఇద్దరూ లోకంలో ఉన్నారు.

ఏడో మెట్టు: ఏం చెప్పలేదో రాయండి

దీనికి వేరే కాగితం తీసుకోండి. ప్రసంగంలో కనిపించనివాళ్ళ జాబితా. పైన పెట్టిన నమూనాలో ఆడపిల్ల లేదు. పిల్లాడే ఉన్నాడు, వాడి తాతే ఉన్నాడు. బడి మాన్పిస్తే అబ్బాయి "సొంతంగా ఎదుగుతాడు" అంటారు, పల్లెలో అమ్మాయిని బడి మాన్పిస్తే ఏమవుతుందో పదేళ్ళ సర్వీసున్న ఏ టీచరైనా చెబుతారు. ముందు వంటిల్లు, తర్వాత పెళ్ళి. బడిలో పెట్టే మధ్యాహ్న భోజనం ఊసు కూడా ప్రసంగంలో లేదు. చెన్నైకో హైదరాబాదుకో వలస వెళ్ళిన తల్లిదండ్రులూ లేరు, వేటకి గుజరాత్ వెళ్ళే మన తీరం మత్స్యకారులూ లేరు. వాళ్ళ పిల్లలు అవ్వ దగ్గర ఉండి చదువుతారు. పగటిపూట ఆ పిల్లల్ని చూసుకునే పెద్దవాళ్ళు బడిలోనే ఉంటారు. ఇంటి దగ్గర చదువు చెప్పగల తల్లి, పుస్తకాలున్న గది, నెట్ కనెక్షన్ ఉన్న ఇల్లు, ఇవన్నీ ఉన్నాయనుకుని ఆ ప్రసంగం నడుస్తోంది. అవి ఉన్నవాళ్ళనే ఉద్దేశించిందని ఒప్పుకుంటే పేచీ లేదు. "మన పిల్లలు" అనకూడదు, అంతే.

చివరి నిమిషంలో ఏముందో కూడా చూడండి. మా మేనకోడలు విన్నదాంట్లో ఆఖర్న ఒక ఫోన్ నంబరుంది, ప్రత్యామ్నాయ విద్యా కేంద్రానికి. అమ్మేవాడు చెప్పినంతమాత్రాన సరుకు చెడ్డదైపోదు. కానీ సంతలో ఉన్నామని తెలిస్తే మనం వినే తీరు మారుతుంది.

ఎనిమిదో మెట్టు: ఇప్పుడు ఆయన పక్షాన మీరు వాదించండి

చాలామంది ఏడో మెట్టు దగ్గర ఆపేసి, చీల్చి చెండాడామని సంబరపడతారు. అది కోడిగుడ్డు మీద ఈకలు పీకడమే. న్యాయశాస్త్రం వాదాన్ని మూడు రకాలు చేసింది. నిజం తెలుసుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఒక పక్షం నిలబెట్టకుండా ఎదుటివాణ్ణి పడగొట్టడమే పనిగా పెట్టుకున్నది వితండం. నమూనా ప్రసంగం బడిని కూలగొట్టి దాని స్థానంలో ఏముండాలో చెప్పలేదు, కాబట్టి వితండం. మనం కూడా దాన్ని కూలగొట్టి చేతులు దులుపుకుంటే మనదీ వితండమే.

కాబట్టి ఆ బాధను తీసుకుని, నిలబడే కారణాలతో మళ్ళీ కట్టండి. బడిని గట్టిగా, నిజాయితీగా విమర్శించడం ఎలాగో మనకు పక్కింట్లోనే ఉదాహరణ ఉంది. గిడుగు రామమూర్తి పుట్టింది 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో, చదివింది విజయనగరం మహారాజావారి బడిలో, పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలో. ఆయన కూడా బడి పిల్లల్ని చెడగొడుతోందనే అన్నాడు. కానీ బడి మొత్తాన్ని అనలేదు, ఎవరూ మాట్లాడని గ్రాంథిక భాషలో పుస్తకాలు పెట్టడాన్ని అన్నాడు. ఆధారాలు ఎక్కడినుంచి తెచ్చాడు? శాసనాల నుంచి, పాత వచనం నుంచి. పండితులు దేన్నైతే తమ ఆస్తి అనుకున్నారో ఆ పాత గ్రంథాల్లోంచే ప్రయోగాలు ఎత్తి చూపించాడు. బదులుగా ఏం కావాలో చెప్పాడు. సవర పిల్లలకు చదువు లేదని వాపోవడంతో ఆగకుండా ఆ భాష నేర్చుకుని, అందులోనే వాచకాలు రాశాడు. విజయనగరంలో గురజాడ అప్పారావు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి వాడుక భాష పక్షాన ఇచ్చిన అసమ్మతి పత్రం కూడా ఇదే కోవది, ఒక్క విషయం పట్టుకుని చివరిదాకా నడిపింది. ఆ పద్ధతిని పక్కన పెట్టి మన నమూనాను చూస్తే ఎక్కడెక్కడ బోలుగా ఉందో వేరే చెప్పక్కర్లేదు.

చట్టంతో కూడా సరిచూసుకోండి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. "బడంటే బెత్తమే" అన్న విమర్శను "చట్టం వద్దన్నా ఫలానాచోట బెత్తం ఆగలేదు" అని మార్చితే, అడగాల్సిన మనిషెవరో తెలుస్తుంది.

తొమ్మిదో మెట్టు: ఒక పేజీ రాయండి

పేజీ దాటొద్దు. మొదట ప్రసంగం అడుగుతున్నదేమిటో ఒక వాక్యం, తర్వాత దాని బలం, ఆ తర్వాతే లోపాలు. బలం ముందు రాయకపోతే లోపాలు రాసేటప్పుడు చెయ్యి అదుపులో ఉండదు. నమూనా మీద నేను రాసిన దాంట్లో ఒక పేరా ఇది:

"పరీక్షలూ మార్కులూ పిల్లల్లో భయం పెంచుతున్నాయని ప్రసంగం అంటోంది. ఇది చాలా ఇళ్ళలో కనిపించేదే, వినేవాళ్ళను కదిలించింది కూడా ఇదే. కానీ ఈ భయానికి కారణంగా చూపింది రెండు వందల ఏళ్ళ నాటి మెకాలేని. ఇప్పుడు పరీక్ష ఎన్నిసార్లు పెట్టాలో, మార్కులు ఎలా ప్రకటించాలో నిర్ణయించేవాళ్ళ పేరు ఎక్కడా ఎత్తలేదు. దూరపు శత్రువును చూపడం వల్ల దగ్గరవాళ్ళు తప్పించుకున్నారు."

ఇదే కొలబద్దను మర్నాడు పేపర్లో మడిచి వచ్చే కార్పొరేట్ కాలేజీ కరపత్రం మీద కూడా పెట్టండి. ఒకటీ, ఒకటీ, రెండూ, మూడూ అని ర్యాంకులు పరిచి ఉంటాయి. ఐదో మెట్టు దానికి బాగా సరిపోతుంది.

సాయంత్రం నాలుగున్నరకి పిల్లాడు బడినుంచి వచ్చాడు. "నవ్వుతూ వెళ్తున్నాడా?" అని ప్రసంగం వాళ్ళమ్మను అడిగింది గానీ, వాణ్ణి అప్పటిదాకా ఎవరూ అడగలేదు. అడిగాం. బిస్కెట్ టీలో ముంచుకుంటూ, "సోమవారం తప్ప బాగానే ఉంటాది తాతా" అన్నాడు. సోమవారం లెక్కల స్లిప్ టెస్ట్. మార్కులు అందరి ముందూ పైకి చదువుతారట, తక్కువ వచ్చినవాళ్ళను నిలబెట్టి.

వాళ్ళమ్మ ఆ రాత్రే హెడ్‌మాస్టారికి ఉత్తరం రాసింది. నాలుగు వాక్యాలు. దాన్ని కూడా పై మెట్ల మీద నడిపించాం. రెండో వాక్యంలో "పిల్లలందరూ భయపడుతున్నారు" అని ఉంటే కొట్టేసి, "మా అబ్బాయి, వాడి క్లాసులో నాకు తెలిసిన మరో ఇద్దరు" అని మార్చింది. "అవమానిస్తున్నారు" అన్నచోట కర్త లేదని తనే పట్టుకుంది. కాసేపు ఆలోచించి లెక్కల మాస్టారి పేరు రాసింది, మళ్ళీ ఆలోచించి పేరు తీసి "లెక్కల పీరియడ్‌లో" అని పెట్టింది. మార్కులు ఎవరి పేపరు మీద వాళ్ళకి రాసి ఇస్తే చాలని చివరి వాక్యం. శనివారం మధ్యాహ్నం, స్లిప్ టెస్ట్‌కి రెండు రోజుల ముందు, తీసుకెళ్ళి ఇచ్చి వచ్చింది.